నొప్పి ఉన్న రోజే రావాలి

సిద్ధరాములు కోడలు గంటకు రెండుసార్లు సండాసుకు పోయేది పోవడానికి కాదట, లోపల నిలబడి ఫోను మాట్లాడటానికట. ఈ మాట మొదట పక్కింటి రాజమ్మ అన్నదట. బీడీ కార్ఖానా వరసలో ముందున్న మనిషి వెనక్కి తిరిగి ఈ సంగతి చెప్పి, "నాకేంది తల్లీ, ఇన్నది చెప్తున్న" అని మళ్ళీ ముందుకు తిరిగింది.

ఆ కోడలు, రూపాలి, చాట మీది తడిబట్ట సర్దుకుంది. కట్టలు అప్పజెప్పేదాకా బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ నిలబడింది. ఇంకో పావుగంట ఆపుకోవాలి. బీడీ చుట్టడం పదేళ్ళప్పుడు నేర్చుకుంది. ఆపుకోవడం పెళ్ళయిన రెండో ఏడు నేర్చుకుంది. రెండూ ఇప్పుడు చూడకుండానే చేయగలదు.

ఫోను మాట అబద్ధమని చెప్పాలంటే నిజం ఏమిటో చెప్పాలి. అది నోటికి వచ్చే మాట కాదు. కూర్చుంటే నాలుగు చుక్కలు. ఆ నాలుగు చుక్కలకు బ్లేడుతో గీసినట్టు మంట. బయటికి వచ్చి చాట ఒళ్ళో పెట్టుకునేసరికి మళ్ళీ పోవాలనిపించడం. నెలలో నాలుగైదు రోజులైతే పొత్తికడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు ఉంటుంది. ఇదంతా వరసలో నిలబడి ఎవరికి చెప్పాలి?

మరాఠీ ఊళ్ళో తెలుగు నేతవాళ్ళుండే జోడ్‌భావి పేట్‌లో, వాళ్ళ వాడాలో ఒకే వాకిలి చుట్టూ ఐదు ఇళ్ళు. వెనక గోడకు ఆనుకొని రెండు సండాసులు. ఒకదాని తలుపు ఊడిపోయి మూడేళ్ళయింది. రెండోదానికి తాళం. దాని చావిని మగ్గంలో అటూ ఇటూ ఆడే పాత కొయ్య నాడెకు కట్టి, రాజమ్మ ఇంటి గుమ్మానికి మేకు కొట్టి తగిలించేవారు. నాడె అంత పెద్దది ఉంటే ఎవరూ జేబులో వేసుకొని పనికి పోలేరని సిద్ధరాములు ఎప్పుడో కట్టిన కట్టు అది. కిందటి నెల నుంచి ఆ నాడె గుమ్మానికి లేదు. రాజమ్మ దాన్ని లోపల పప్పు డబ్బాల వెనక పెట్టింది. కావలసిన వాళ్ళు అడిగి తీసుకోవాలి. అడగవలసినన్ని సార్లు పోయేది రూపాలి ఒక్కతే.

"రాజక్కా, చావి."

"ఇప్పుడే గద పోయొచ్చినవ్."

"మళ్ల పోవాలె అక్కా."

"నల్లా నాలుగు దినాలకోసారి వస్తున్నది పిల్లా. నువ్వు పోయినప్పుడల్ల ఒక బకీటు. డ్రమ్ము నింపేది నేను, ఖాళీ చేసేది నువ్వు. నీ ఒక్కదానికి ఇంకో సండాసు కట్టియ్యమని నగరసేవకునికి అర్జీ రాస్తం, అందరం దస్కత్ పెడ్తం." అని రాజమ్మ తన మాటకు తనే నవ్వింది. ఆమె చెడ్డది కాదు. వాడాలో అందరి వంతు డ్రమ్ము ఆమే నింపుతుంది, సండాసు ఆమే కడుగుతుంది. అందుకే ఆమె మాట నలుగురిలో చెల్లుతుంది.

ఆ సాయంత్రం రూపాలికి నెలసరి వచ్చింది. మళ్ళీ చావి అడిగితే, రాజమ్మ అది తెలిసి, నాడెను చేతికి ఇవ్వకుండా గడప అవతల నేల మీద పెట్టి పక్కకు జరిగింది. రూపాలి వంగి తీసుకుంది. వంగినప్పుడు ఎడమ వైపు నడుములో బరువుగా ఏదో లాగింది. అదొక కొత్త నొప్పి. కొత్తదంటే ఆరేడు నెలలది.

ఇంటికి వచ్చేసరికి అత్త చంద్రభాగ తునికాకు కత్తిరిస్తోంది. కొలత రేకు ఆకు మీద పెట్టడం, దాని చుట్టూ కత్తెర తిప్పడం, పక్కన వేయడం. ఆమె తల ఎత్తి కోడలి ముఖం చూసింది. కత్తెర కింద పెట్టి, లేచి, పొయ్యి మీద ఇటుక పెట్టింది.

ఆ ఇటుక రూపాలి కాపురానికి వచ్చేనాటికే ఆ ఇంట్లో ఉంది. అంచులు అరిగి, ఒక ముఖం నల్లబడి, పట్టుకుంటే నున్నగా ఉంటుంది. చంద్రభాగ దాన్ని పాత చాదర్ ముక్కలో రెండు మడతలు చుట్టి, వేడి తన ముంజేతికి ఆనించి చూసుకొని, కోడలి పక్కన పెట్టింది.

"ఆకు ఎండుతది. కట్టుకుంట కూసో" అంది.

అంతే. ఐదేళ్ళుగా అంతే. అత్త తనను పని దొంగ అనుకుంటుందో, గొడ్రాలు అనుకుంటుందో రూపాలికి తెలియదు. ఇటుక మాత్రం ప్రతి నెలా అడగకుండానే వస్తుంది. ఆ నాలుగు రోజులు రూపాలి గుమ్మం పక్కన ఒక చాప మీద ఉండాలి. దేవుడి గూటికి మైల, పొయ్యికి మైల, నీళ్ళ బిందెకు మైల. బీడీ ఆకుకు మాత్రం మైల లేదు. ఇటుక పొత్తికడుపుకు ఆనించుకొని ఆమె చుట్టుతూనే ఉంది.

రాజమ్మ తన చాట తెచ్చుకొని వసారాలో కూర్చుంది. సంగతి తెలుసుకోకపోతే ఆమెకు తంబాకు సరిగా పడదు.

"ఇంకా ముత్‌ఖడానేనా? ఉలవలు ఉడకబెట్టిన నీళ్ళు తాగిస్తున్నవా వదినే?"

"తాగిస్తున్న" అంది చంద్రభాగ.

"మూత్రంల రాయి అయితే ఇన్నేండ్లు ఉంటదా? నా మాట ఇను. పిషవి, గదే గర్భసంచి, తీయించు. ఎట్లాగు పిల్లలు కాకపాయె. ఉంచుకొని ఏం చేస్తది? చెరుకు కొట్ట పోయేటోళ్లు ముప్పై ఏండ్లకే తీయించుకొని హాయిగ పనికి పోతున్నరు."

చంద్రభాగ చేతిలో కత్తెర ఆకు మధ్యలో ఆగింది. ఆ ఆకు వంకర తెగింది. ఆమె దాన్ని పక్కకు పారేసి ఇంకో ఆకు తీసుకుంది.

*

మరునాడు నూలు పున్నం, నేతవాళ్ళ పండుగ. పొద్దున్నే మామ సిద్ధరాములు గుడికి పోయి, జంధ్యం మార్చుకొని, మణికట్టుకు కొత్త నూలుపోగు కట్టించుకొని వచ్చాడు. దేవుని రథం మధ్యాహ్నానికి పేట్‌లోకి వస్తుంది. కార్ఖానాలన్నీ బంద్. అయినా రూపాలి భర్త సందీప్ పొద్దున ఒక గంట మగ్గం దగ్గరికి పోయి, భుజాన ఒక చాదర్ ముక్క వేసుకొని వచ్చాడు. గుమ్మంలో నిలబడి దాన్ని విప్పి భార్యకు చూపించాడు. నెమళ్ళ వరస.

"చూడు. ప్రతి జోడుల ఎడమ దిక్కు నెమలికి కన్ను లేదు."

"నూలు తెగిందా?"

"సేఠు గదే అన్నడు. నూలు మంచిది రాలేదు, తెగుతున్నది అని. నేనూ వారం నుంచి గదే అనుకున్న. నూలుది తప్పయితే ఒకకాడ వస్తది, ఒకకాడ రాదు. ఇది ప్రతి చాదర్ల ఒక్కటే జాగల వస్తున్నది. అంటే తప్పు నూలుది కాదు. పొద్దుగాల పోయి పైన డిజైను దించే జకార్డు అట్టలన్ని ఒక్కొక్కటి చూసిన. ఒక అట్ట బెజ్జంల దూది ఇరుక్కొని ఉన్నది. గింతంత. ఆ అట్ట తిరిగొచ్చినప్పుడల్ల ఆ పోగు లేవదు, నెమలికి కన్ను పడదు."

అతను గెలిచినవాడిలా నవ్వుతూ చెబుతున్నాడు. రూపాలి నవ్వబోయి ఇటుకను గట్టిగా ఒత్తుకుంది. పెదవి పళ్ళ కింద పెట్టుకుంది. సందీప్ నవ్వు ఆగిపోయింది. ముక్క మడిచాడు. మడుస్తూ మడుస్తూ గోడ వైపు చూశాడు.

గోడ మీద క్యాలెండర్. అందులో ప్రతి నెలా ఒక తేదీ పక్కన పెన్సిల్ చుక్క. పూజలకూ పండుగలకూ లెక్క తప్పకుండా చంద్రభాగ పెట్టే చుక్క. క్యాలెండర్ పక్కనే ఒక ఇనుప తీగకు గుచ్చిన దవాఖాన చీటీలు. సందీప్ చీటీలు తీగ నుంచి లాగాడు. ఒక్కో చీటీ తేదీ చూడటం, క్యాలెండర్ పేజీ తిప్పడం, చుక్క చూడటం. మూడు చీటీలు చూశాక నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు ఒక్కపారి గూడ నొప్పి ఉన్ననాడు దవాఖానకు పోలేదు."

"తలకు పోసుకోకుంట ఎట్ల పోతరు?" అంది రూపాలి. ఇందులో అడగడానికేముందో ఆమెకు అర్థం కాలేదు.

"ఇగో, ప్రతి చీటీ ఐదో దినందే, కాకుంటే ఆరో దినంది. అప్పటికి నొప్పి పోతది. ఉచ్చ పరీక్ష చేస్తరు, ఏం లేదంటరు, గోళీలు ఇస్తరు. గోళీలతోని తగ్గిందని మనం అనుకుంటం. మళ్ల అట్ట తిరిగొస్తది."

ఆఖరి చీటీ మూడు వారాల కిందటిది. డాక్టర్ మనీషా అని కొత్తామె. ఆ రోజు మామ తోడు వచ్చాడు. "నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుంది?" అని ఆమె అడిగితే రూపాలి మామ చేతి కర్ర వైపు చూసి, "అప్పుడప్పుడు" అంది. డాక్టర్ ఆమెనూ, మామనూ, కర్రనూ చూసి, ఇంకేమీ అడగకుండా మందుల కింద మరాఠీలో ఒక వాక్యం రాసి, రెండు గీతలు గీసింది. 'త్రాస్ అసతానాచ్ యావే.' నొప్పి ఉన్న రోజే రావాలి. ఇంట్లో అందరూ చదివారు. మందులు తెచ్చుకున్నారు. వాక్యాన్ని తీగకు గుచ్చారు.

"ఇయ్యాల తీస్కపోత" అన్నాడు సందీప్.

సిద్ధరాములు గొంతు సవరించుకున్నాడు. "ఇయ్యాల పున్నం రా. పేట్ల అందరు బయటనే ఉన్నరు. రెండోనాటి మనిషిని..." అని మాట మధ్యలో ఆపి భార్య వైపు చూశాడు. ఇంట్లో మైల సంగతులన్నీ ఆమె చేతిలోవి. చుక్కలు పెట్టేది ఆమె, చాప వేసేది ఆమె. సందీప్ కూడా తల్లి వైపే చూశాడు. రూపాలి చూడలేదు. ఆమెకు జవాబు తెలుసు.

చంద్రభాగ కత్తిరించిన ఆకులను తడిగోనెలో చుట్టింది. చేతులు కడుక్కుంది. ఇటుకను ఇంకోసారి వేడిచేసి, చుట్టి, తన సంచిలో వేసుకుంది.

"ఆటో పిల్వు" అంది కొడుకుతో.

వాకిట్లో రాజమ్మ ముగ్గు సరిచేస్తోంది. సంచీ, చెప్పులు, కోడలి భుజం మీద అత్త చెయ్యి, అన్నీ ఒక్క చూపులో చూసింది.

"వదినే, రథం మలుపు కాడికి వచ్చింది. దీన్ని తీస్కొని దేవునికి ఎదురుంగ పోతవా?"

"దేవుడెదురైతే పక్కకు జరుగుతడు. సంటిపిల్లగాడేం కాదు" అంది చంద్రభాగ ఆగకుండానే.

*

డాక్టర్ మనీషా నలభై దాటిన మనిషి. పొట్టి జుట్టు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. పేట్ ఆడవాళ్ళను చూసీ చూసీ నాలుగు తెలుగు మాటలు నేర్చుకుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత, భయం లేదు. మిగతాదంతా మరాఠీ. ఈసారి సందీప్‌ను బయట కూర్చోబెట్టింది.

"ఎప్పుడు?"

రూపాలి చెప్పింది. ఒక్కసారి మొదలుపెట్టాక ఆగలేదు. చుక్కలు, బ్లేడు, చావి, నడుములో బరువు. డాక్టర్ మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. మూత్రం పరీక్షకు పంపితే నెత్తురు ఉందని వచ్చింది. ఆ నెత్తురు నెలసరిది కలిసింది కాదని తేల్చుకోవడానికి సన్నని గొట్టంతో ఇంకోసారి తీసి చూసింది. చీము లేదు, నెత్తురు ఉంది. తర్వాత పొట్ట మీద చల్లని జిగురు రాసి యంత్రం ఆనించి, తెరను రూపాలి, చంద్రభాగల వైపు తిప్పింది.

"ఈ నల్లది మూత్రసంచి. దీని గోడ మీద చూడండి, రేగుపండంత గడ్డ. రాయి కాదు. గర్భసంచి లోపల ఉండే పొర లాంటిది దారి తప్పి ఇక్కడ మొలిచింది. ప్రతి నెలా అక్కడ నెత్తురు వచ్చినప్పుడు ఇక్కడా వస్తుంది. పోవడానికి దారి ఉండదు. అందుకే ఆ మంట." యంత్రాన్ని ఎడమ పక్కకు జరిపింది. అక్కడ చాలాసేపు ఆగింది. "ఇది కిడ్నీ. ఇంత ఉబ్బకూడదు. కిడ్నీ నుంచి వచ్చే గొట్టాన్ని కూడా అదే పట్టుకొని నొక్కుతోంది. కిడ్నీ పెద్దగా అరవదు. కొన్నిసార్లు ఏమీ చెప్పకుండానే చచ్చిపోతుంది. ఇంకో ఏడాది తలకు పోసుకున్నాకే వచ్చి ఉంటే, తీసి పారేయడానికి రావలసి వచ్చేది."

రూపాలి చెయ్యి ఎడమ నడుము మీదికి పోయింది. పోతే ఏమవుతుందో అడగాలనుకుంది.

అత్త అడిగింది. వేరే మాట అడిగింది. "పిషవి తీస్తరా?"

"పిషవి ఏం చేసింది పాపం? జబ్బు ఉన్నది మూత్రసంచి మీద, గొట్టం మీద. అది తీస్తాం. పిషవి తీసి దీన్ని వదిలేస్తే దీని నొప్పి దీనికే ఉంటుంది."

"ఉంటదా? పిషవి తీసినంక గూడ?"

"ఉంటుంది. కొందరికి ఏళ్ళ తరబడి."

చంద్రభాగ కొంగు ముందుకు లాక్కొని, పొట్ట మీద సర్దుకొని, బల్ల మీద కూర్చుంది. సంచిలోని ఇటుక తీసి కోడలికిచ్చింది. డాక్టర్ ఆ ఇటుకను చేతిలోకి తీసుకొని, అరిగిన అంచు మీద బొటనవేలు రాసింది. రూపాలి వయసు చీటీ మీద ఇంకోసారి చూసింది. చంద్రభాగను చూసింది. ఇటుక తిరిగి ఇచ్చింది.

జబ్బు పేరు కాగితం మీద రాసింది. ఎండోమెట్రియోసిస్. ఆటోలో సందీప్ మూడుసార్లు ప్రయత్నించి, "గింత పెద్ద పేరున్న జబ్బును మనోళ్లు ముత్‌ఖడా అన్నరు" అన్నాడు. రూపాలికి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి లేచింది. అయినా నవ్వింది. ఏళ్ళ తర్వాత ఆ నొప్పికి ఒక పేరు దొరికింది, ఆ పేరు ఫోను కాదు.

*

ఆపరేషన్ పదిహేను రోజులకు పెట్టారు. ముందు రోజు డాక్టర్ చీటీ వెనక ఒక పొట్ట బొమ్మ వేసి నాలుగు చుక్కలు పెట్టింది. ఒకటి బొడ్డులో, మూడు కింద. ఇంతే కోత. ఒక చుక్కలోంచి దీపమూ కెమెరా, మిగతా వాటిలోంచి పొడుగాటి సన్నని కత్తెరలు, పట్టుకునే చిమటాలు. తనతో పాటు మూత్రపు జబ్బుల డాక్టర్ ఋషికేశ్ ఉంటాడు. గొట్టాన్ని విడిపించాలి, మూత్రసంచిలో గడ్డ ఉన్న మేర కోసి తీసి మళ్ళీ కుట్టాలి. "గొట్టం మరీ పాడైపోయి ఉంటే కొంత ముక్క తీసి అతకాల్సి రావచ్చు. తెరిచాకే తెలుస్తుంది. అబద్ధం చెప్పను."

"అతికితే నిలుస్తదా?" అన్నాడు సిద్ధరాములు. నలభై ఏళ్ళుగా ఆయన పని అదే. మగ్గం మీద పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా పురి పెట్టి అతకడం. రోజుకు వేల పోగులు. వేళ్ళకు బూడిద రాసుకొని, చూపుడువేలు బొటనవేలు మధ్య ఒక్క తిప్పు.

"నిలుస్తుంది. కానీ అతకకుండా విడిపించగలిగితే అది మేలు."

"గదే మేలు" అని ఆయన ఒప్పుకున్నాడు.

ఆ రోజు మూడున్నర గంటలు పట్టింది. రూపాలికి తెలిసింది మాత్రం కళ్ళు మూయడం, కళ్ళు తెరవడం. తెరిచాక మొదట చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. నాలుగు చిన్న పట్టీలు. మంచం పక్కన ఒక సంచిలోకి మూత్రం దానంతట అదే పోతోంది. ఎవరినీ చావి అడగకుండా. మత్తులో ఆమెకు అదొక వైభోగంలా అనిపించింది.

మూడో రోజు డాక్టర్ మనీషా ల్యాప్‌టాప్ తెచ్చి మంచం మీది బల్ల మీద పెట్టింది. "చూస్తానన్నారట కదా" అంది సిద్ధరాములుతో. సందీప్ కాసేపు చూసి బయటికి పోయాడు. చంద్రభాగ తలుపు దగ్గర నిలబడింది. రూపాలి తలగడ ఎత్తించుకొని చూసింది. తన లోపలి మనిషిని తను చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

ఎర్రగా, తడిగా, దీపం వెలుగులో మెరుస్తూ ఒక చోటు. మధ్యలో నల్లగా ముడుచుకుపోయిన మచ్చ. చుట్టుపక్కల ఉన్నదంతా దాని వైపు లాగబడి, గంజి ఎక్కువై ఎండిన పడుగులా ఒకదానికొకటి అంటుకుపోయి ఉంది. సిద్ధరాములు అద్దాలు సరిచేసుకొని ముందుకు వంగాడు.

తెర మీద చిమటా వచ్చి ఒక పొరను పట్టుకుంది, లాగలేదు. కొంచెం ఎత్తి అలాగే ఉంచింది. రెండో చేతి కత్తెర మొన దాని కింద దూరి, తెరుచుకొని, ఆగింది. కోయలేదు. మళ్ళీ మూసుకొని ఇంకో వెంట్రుక మందం ముందుకు పోయింది. అక్కడొక సన్నని దారం లాంటిది తెగింది. ఒక చుక్క నెత్తురు. దాన్ని తుడిచి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ ఆగి.

"గుంజుతలేదు" అన్నాడు సిద్ధరాములు తనలో తాను. "గంజికి అంటుకున్న పోగును గుంజితే పక్కది తెగుతది. తడి చేసి వేలితోని విడదియ్యాలె. గట్లనే చేస్తున్నది. సూడు సూడు, అంటుకున్న కాడ కోస్తలేదు. ఆ పక్కన మంచి జాగల మొదలువెట్టి ఇటు వస్తున్నది."

డాక్టర్‌కు తెలుగు అంతగా రాదు. కానీ ఆయన బొటనవేలూ చూపుడువేలూ గాలిలో కదలడం చూసి నవ్వింది.

చాలాసేపటికి ఆ ముద్దలోంచి పాలరంగు గొట్టం ఒకటి బయటపడింది. మొదట అంగుళం, తర్వాత రెండంగుళాలు. నొక్కుకుపోయిన చోట సన్నగా, దాని పైన ఉబ్బి ఉంది. కత్తెర పక్కకు తప్పుకుంది. ఎవరూ ముట్టుకోకుండానే ఆ గొట్టం పైనుంచి కిందికి మెల్లగా, పట్టుపురుగు పాకినట్టు ముడుచుకొని సాగింది. ఇంకోసారి.

"అది మూత్రాన్ని కిందికి తోస్తోంది. బతికే ఉందన్న మాట" అంది డాక్టర్. "ఇది చూశాక ఋషికేశ్ సార్ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలారు. నేనూ వదిలాను. అతకాల్సిన పని పడలేదు. లోపల సన్నని గొట్టం ఒకటి పెట్టాం, ఆరు వారాలకు తీసేస్తాం."

తర్వాత మూత్రసంచి కోసి గడ్డ తీయడం, రెండు వరసలుగా కుట్టడం. వంపు సూదిని చిమటాతో పట్టుకొని, ఇంకో చిమటాతో దారాన్ని చుట్టి ముడి వేస్తుంటే, అంత పొడుగు కాడల చివర అంత చిన్న ముడి పడటం చూసి సిద్ధరాములు రెండుసార్లు ఆపించి వెనక్కి తిప్పించుకున్నాడు. చివర మూత్రసంచిలో నీళ్ళు నింపి చూశారు. ఒక్క చుక్క కారలేదు.

"ఎంతసేపు నిలబడ్డవ్ బిడ్డా?"

"మూడున్నర గంటలు మామా."

"నడుం?"

"పోయింది." డాక్టర్ చెయ్యి వెనక్కి పెట్టి నడుము చూపించింది. ఇద్దరూ ఒకే పని చేసేవాళ్ళలా నవ్వుకున్నారు.

"మళ్ల రాదు గద?" అంది రూపాలి.

"రాదని రాసివ్వలేను. ఇది మొండిది. రోజూ ఒక గోళీ వేసుకోవాలి, ఆరు నెలలకోసారి కిడ్నీ చూపించుకోవాలి. నొప్పి వస్తే ఎప్పుడు రావాలి?"

"నొప్పి ఉన్ననాడే" అంది రూపాలి.

సిద్ధరాములు అప్పుడు తల తిప్పి తలుపు దగ్గర నిలబడ్డ భార్యను చూశాడు. చాలాసేపు చూశాడు. చంద్రభాగ ఆ చూపు తీసుకోకుండా, తడిచిన తువాలు ఆరేయాలని వరండాలోకి పోయింది.

*

ఐదో రోజు ఇంటికి వచ్చారు. గొట్టంతో ఉన్న మూత్రం పట్టే సంచి ఇంకో వారం ఉండాలన్నారు. చంద్రభాగ దాన్ని మంచం కోడుకు కట్టింది, తనే ఖాళీ చేసింది. బీడీలు చుట్టే చోటే మంచం వేయించింది. తెల్లవారకముందే ఆమె చెంబు పట్టుకొని వెనక తలుపు ఊడిన సండాసుకు పోయే చప్పుడు ఎప్పటిలాగే వినిపించేది. వాడాలో అందరికంటే ముందు లేచి పోవడం ఆమె అలవాటని రూపాలి అనుకునేది. ఇప్పుడు మెలకువగా పడుకొని ఆ అడుగులు వింటుంటే, ఆ తొందర ఎందుకా అనిపించింది.

గొట్టమూ సంచీ తీసేసిన మరునాడు రూపాలి తనంతట తాను లేచి వాకిట్లోకి వచ్చింది. రాజమ్మ గుమ్మానికి పాత మేకు మీద నాడె వేలాడుతోంది. ఎవరు తగిలించారో, ఎప్పుడు తగిలించారో ఎవరూ చెప్పలేదు. ఆమె దాన్ని తీసుకొని పోయింది. కూర్చుంది. భయంతో పళ్ళు బిగబట్టింది. కొంచెం చురుక్కుమంది. తర్వాత ధార నిండుగా, ఆగకుండా వచ్చింది. అయిపోయాక కూడా ఆమె ఒక నిమిషం అక్కడే ఉంది, మళ్ళీ పోవాలనిపిస్తుందేమో చూద్దామని. అనిపించలేదు. నాడె మేకుకు తగిలించి వచ్చేసరికి కళ్ళు తడిగా ఉంటే, ముఖం మీద నీళ్ళు చల్లుకుంది.

మధ్యాహ్నం వసారాలో ఆడవాళ్ళు నలుగురు చాటలు పెట్టుకొని కూర్చున్నారు. సందీప్ కార్ఖానాకు పోయాడు, సిద్ధరాములు పడుగు అతకడానికి పోయాడు. రూపాలి కూడా పరుపు మీద కూర్చొని మెల్లగా దారం చుట్టింది. రాజమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఏదీ, చూపియ్యి పిల్లా, ఎంత కోసిన్రు?"

రూపాలి కొంగు పక్కకు జరిపింది. బొడ్డు లోపల ఒకటి కనీకనిపించకుండా, కింద మూడు. ఎర్రని గీతలు, గోరంత.

"గివ్వేనా?" రాజమ్మ నోరు తెరిచి, చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది. "దోమ కుట్టినంత లెవ్వు! గీ నాలుగు చుక్కలకా ఇన్నేండ్ల నుంచి గంత లొల్లి? పున్నం నాడు దేవుని రథం కోసం గూడ ఆగలేదు ఇది. మా కాలంల ఆడోళ్లకు నొప్పులు లెవ్వా? ఇగో, మన చంద్ర వదినె లేదా? సందీప్ బడికి పోయే నాడే పిషవి తీయించుకున్నది. పదకొండో నాడు చాట ముందట కూసున్నది. ఎన్నడన్న నోరు తెరిచి అమ్మా అన్నదా? గట్లుండాలె ఆడిది."

తక్కినవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. రూపాలి కొంగు సర్దుకుంది. చంద్రభాగ చేతిలోని బీడీకి దారం బిగించింది, కొస మడిచింది, చాటలో పెట్టింది. ఇంకో ఆకు తీసుకోలేదు.

"నాది జానెడు కోసిన్రు రాజమ్మా" అంది. గొంతు పెంచలేదు. "పిషవి తీసిన్రు. నొప్పిని మాత్రం ఆడనే ఇడిసి కుట్టిన్రు."

రాజమ్మ వేళ్ళలో తంబాకు ఆకు మీద పడకుండా ఒళ్ళో పడింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని చంద్రభాగ ఒక్కొక్కరి ముఖం వరసగా చూసింది. చూసి, తునికాకు తీసి మోకాలి మీద పరిచి, దాని మీద రేకు పెట్టి అంది:

"పదిహేనేండ్లు, మీరు లేవకముందే లేచి పోయిన. నొప్పి అని చెప్పి, నీ గుమ్మం మీద చావి మళ్ల మళ్ల తీసేటందుకు నాకు నోరు రాలే."